కుడిపక్క అద్దం

ఓడెక్కి సముద్రం దాటొచ్చిన కారు గోదారి దాటకూడదని భీమరాజుగారి పంతం. ఒకవేళ గోదారి దాటినా, చింతలమెరక పొలిమేర మాత్రం దాటకూడదు. దాటిందా, ఆయన సగం మీసం పోతుంది. ఎవరో వచ్చి తీసెయ్యరు, ఆయనంతట ఆయనే తీయించుకోవాలి. ఏళ్ళ కిందట నలుగురి ముందూ ఆవేశంలో అనేసిన మాట అది. ఇక ఆ మీసమంటారా, అబ్బో, దాని వైభోగమే వేరు. పొద్దున్న కాఫీ అయినా మానుకుంటారు గానీ దానికి కొబ్బరినూనె రాసి మెలితిప్పకుండా ఆయన వీధిగుమ్మం దిగరు.

అసలు గొడవ ఓ పెళ్ళి ఊరేగింపులో మొదలైంది. అప్పట్లో ఊరంతటికీ ఒకటే కారు, భీమరాజుగారి అంబాసిడర్. ఎవరింట పెళ్ళయినా పెళ్ళికొడుకుని అందులోనే ఊరేగించాలి, స్టీరింగు భీమరాజుగారే పట్టుకోవాలి. డ్రైవర్ని పెట్టుకోవచ్చు కదండీ అని ఎవరైనా అంటే, "నా బండి ఇంకోడి చేతికా?" అని ఉరిమి చూసేవారు. నిజం చెప్పొద్దూ, ఆయన డ్రైవింగు అంతంతమాత్రమే. ఆ కారుకి రివర్సు గేరు ఉంది గానీ ఆయన పొగరుకి లేదు.

ఆ కారు కడిగేవాడూ, తుడిచేవాడూ, పంక్చరైతే టైరు మార్చేవాడూ గణేష్‌బాబు. పరాయివాడేం కాదు, సొంత చెల్లెలు చిన్నమ్మాయి కొడుకు. మొగుడు పోయాక ఆవిడ పిల్లాణ్ణి తీసుకుని పుట్టింటికొచ్చింది. అన్నగారు అన్నం పెట్టారు, కాదనడానికి లేదు. పెట్టిన అన్నాన్ని మాత్రం రోజూ గుర్తుచేసేవారు.

ఆ పెళ్ళినాడు కాలవగట్టు మలుపులో భీమరాజుగారు అంబాసిడర్ని తిన్నగా తీసుకెళ్ళి పక్కనున్న బోదెకాలవలో దింపారు. పెళ్ళికొడుకు తలపాగా ఊడి ఒళ్ళో పడింది. బాజాలు ఆగిపోయాయి. ఆడపెళ్ళివారిలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఈయన ఎంత రేజ్ చేసినా చక్రం బురద చిమ్మడమే తప్ప బండి కదలదు. అప్పుడు గణేష్‌బాబు వచ్చి, "మావయ్యా, మీరో రవ్వ అటు జరగండి" అని, తను స్టీరింగు ముందు కూచుని, ముందుకీ వెనక్కీ రెండు ఊపులు ఊపి బండిని రోడ్డెక్కించేశాడు. జనం చప్పట్లు కొట్టారు. అదీ కుర్రాడు చేసిన నేరం.

కిందకి దిగడమే ఆలస్యం, చెంప చెళ్ళుమంది.

"నా స్టీరింగు ముట్టుకుంటావురా వెధవా! కార్లు కడుక్కునే మొహమా నీది!"

గణేష్‌బాబు చెంప తడుముకోలేదు. "అలాగేనండి మావయ్యా. ఈసారి ఈ ఊరికి నా సొంత కారు తోలుకుంటూ వస్తాను," అన్నాడు.

"నువ్వా? స్టీరింగు పట్టుకుని పొలిమేర దాటిరా చూద్దాం. సగం మీసం గీయించుకుంటాను!" అని అక్కడితో ఆగారా? ఊళ్ళో క్షవరాలు చేసే బుల్లియ్య పెళ్ళికొడుకు పక్కనే నిలబడి ఉన్నాడు. వాడికేసి తిరిగి, "విన్నావుగా, కత్తి నూరి ఉంచుకో," అని కూడా అన్నారు.

నవ్వేవాళ్ళు నవ్వారు. భీమరాజుగారి తల్లి సుబ్బాయమ్మగారు మాత్రం నవ్వలేదు. వెనకసీట్లో అరటిగెలలకీ పళ్ళబుట్టలకీ మధ్య ఇరుక్కుని ఉన్నారావిడ. ఆడవాళ్ళకి ఆ కారులో ముందుసీటు ఎప్పుడూ లేదు, కన్నతల్లికైనా అంతే. ఆవిడ రెండు చెవులూ మూసుకుని, "నోరు ముయ్యరా భీమూ! మీ నాన్న పోయినప్పుడు తీశావు ఆ మీసం. మళ్ళీ తీస్తే నేను పోయినప్పుడే తియ్యాలి. నేను బతికుండగా ఆ మాట నోట రానివ్వకు," అన్నారు.

మర్నాడే చిన్నమ్మాయి కొడుకుని తీసుకుని గోదారి అవతల రామచంద్రపురం వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకి గణేష్‌బాబు మస్కట్ వెళ్ళి ఓ షావుకారింట్లో డ్రైవరుగా కుదిరాడని తెలిసింది. భీమరాజుగారు ఇంట్లో ఆర్డరు వేశారు: "ఆ గడప తొక్కినవాళ్ళెవరూ మళ్ళీ ఈ గడప తొక్కక్కర్లేదు." తల్లికి కూడా అదే ఆర్డరు. పాపం సుబ్బాయమ్మగారు ఏం చేస్తారు? కార్తీకమాసంలో సోమవారం సోమవారం గోదారి దాటి కోటిపల్లి రేవుకి స్నానానికి వెళ్ళేవారు. కూతురు కూడా అదే రేవుకి వచ్చేది. దేవుడికి దణ్ణం పెట్టుకునేంతసేపు పెట్టుకుని, మిగిలిన పొద్దంతా మెట్లమీద కూచుని కూతురి తల నిమురుతూ ఉండేవారు. భీమరాజుగారేమో మా అమ్మకి భక్తి ఎక్కువని అందరికీ చెప్పుకునేవారు.

ఇన్నేళ్ళ తర్వాత, మళ్ళీ కార్తీకం వచ్చేసరికి, అచ్చిబాబు వార్త పట్టుకొచ్చాడు. అచ్చిబాబు అంటే భీమరాజుగారి అరుగు మీద కాఫీ తాగి, ఆయన ఏమన్నా "ఆయ్" అనడానికే పుట్టిన మనిషి.

"మీ మేనల్లుడు పూర్తిగా వచ్చేశాడండి. కారు కూడా తెచ్చుకున్నాడండి. తెల్ల టయోటా."

"ఏ కారు? ఎవడి కారు?"

"వాళ్ళ షావుకారు వాడి వదిలేసిందేనంటండి. మనవాడు తన పేర రాయించుకుని ఏడాది పైన తోలాడంట. అక్కణ్ణించి పూర్తిగా వచ్చేసేవాళ్ళని, సొంతంగా వాడుకున్న బండి తెచ్చుకోనిస్తారంటండి. మద్రాసు హార్బరులో కస్టమ్సువాళ్ళు సీట్లూడదీసి, తలుపుల్లోపలంతా తడిమి, వారాల తరబడి తిప్పించుకుని అప్పుడొదిలారంట. బండి ఎక్కడ పోతుందోనని ఆ గేటు దగ్గరే పడుకునేవాడంటండి."

"దొంగబండి అయ్యుంటుంది."

"కాగితాలన్నీ ఉన్నాయంటండి. ఇంకో తమాషా వినండి. స్టీరింగు ఎడంపక్కనంట! అక్కడి బళ్ళన్నీ అంతేనంట. మన బళ్ళలో డ్రైవరుండే చోట అందులో పక్కమనిషి కూచుంటాడంటండి. తెలియనివాళ్ళు గుద్దేస్తారని ఆ సంగతి వెనకాల ఎర్రరంగుతో రాయించాడంట కూడాను."

"ఎడంపక్కన గాడిదగుడ్డు!" అని భీమరాజుగారు కాఫీగ్లాసు వీధిలోకి విసిరికొట్టారు. "కారన్నాక స్టీరింగు కుడిపక్కనే ఉంటుంది. నీకు చెప్పినవాడు తాగి చెప్పుంటాడు."

"నాదేముందండి, విన్నది చెప్పానండి," అని అచ్చిబాబు గ్లాసు ఏరుకొచ్చాడు.

ఆ సాయంత్రమే భీమరాజుగారు రేవుకి వెళ్ళారు. రెండు పడవలు జోడించి పైన బల్లలు పరిచిన పంటు మీదే కార్లూ జీపులూ ఏరు దాటాలి. పంటు పాడుకున్నాయన్ని పక్కకి పిలిచి, "తెల్లకారు వస్తుంది, ఎక్కించకు," అన్నారు. ఆయన చేతులు కట్టుకుని మరీ చెప్పాడు: "గవర్నమెంటు వేలంలో పాడుకున్న పంటండి. ఎక్కే బండిని ఎక్కొద్దనడానికి నాకు హక్కు లేదండి. కావాలంటే తమరి అంబాసిడర్ని ఎప్పుడొచ్చినా ఊరికే దాటిస్తానండి." మర్యాదగా మొహం మీద తలుపెయ్యడమంటే అదే. ఆయనకి ఒళ్ళు మండిపోయింది.

ఇక ఊళ్ళో వెటకారం మొదలైంది. ఎదురుపడితే అందరూ నమస్కారం పెట్టేవాళ్ళే. పెడుతూ పెడుతూ కళ్ళు మాత్రం మీసం మీద పెట్టేవారు. కిరాణాకొట్టులో కొబ్బరినూనె సీసా అడిగితే కొట్టువాడు, "పెద్దది ఎందుకండీ, చిన్నది చాలదాండి? ఇహనించి ఒక పక్కకే కదండీ రాసుకోవాలి," అన్నాడు. 'అండి'కి లోటు చెయ్యలేదు చూడండి! భీమరాజుగారు ఆ సీసా వాడి గల్లాపెట్టె మీదే బద్దలుకొట్టి వచ్చేశారు. ఆ రాత్రి ఆయనకి నిద్ర పట్టలేదు. కోపం వల్ల అనుకున్నారు గానీ అది భయం. మీసం పోయిన మర్నాడు తనని భీమరాజుగారూ అని ఎవరు పిలుస్తారు? ఆ అరుగు మీద కూచుని ఎవరిని గదమాయించగలరు? చీకట్లో మాటిమాటికీ పైపెదవి తడుముకున్నారు.

సోమవారం పొద్దున్నే అచ్చిబాబు పరుగెత్తుకొచ్చాడు. "ఇవాళేనండి! మధ్యాహ్నం పంటుకి దాటుతున్నాడంటండి!"

భీమరాజుగారు వెండిపొన్ను కర్ర తీశారు. ఆయన భార్య సూర్యకళ కారు తాళాలు చేతికిస్తూ, "అత్తయ్యగారు కోటిపల్లి స్నానానికి వెళ్ళారండి. మధ్యాహ్నం పంటుకే వస్తారు. కారు పంపిస్తానని చెప్పాను. కాస్త రేవుదాకా వెళ్ళి తీసుకురండి," అంది.

"రిక్షా ఎక్కమను."

"కార్తీక సోమవారం రేవులో రిక్షా ఎక్కడ దొరుకుతుందండీ? ఉపవాసం కూడాను. ఎండలో నడవలేరు."

"ఇవాళ కారుకి పనుంది!" అని కసిరేసి ఆయన వెళ్ళిపోయారు.

ఆ పనేమిటయ్యా అంటే, కాలవగట్టు మీద, పొలిమేర రాయికి ఊరివైపున కాస్త ఇవతలగా, అంబాసిడర్ని రోడ్డుకి అడ్డంగా నిలబెట్టడం. తల్లిని తేవాల్సిన కారు మేనల్లుడికి అడ్డం పడుకుంది. సంగతి తెలిసి జనం చేరారు. ఎవరు పిలిచారో గానీ బుల్లియ్య కూడా కత్తులపెట్టె చంకన పెట్టుకుని వచ్చాడు. "నువ్వెందుకురా?" అంటే, "రమ్మన్నారండి," అన్నాడు, ఎవరు రమ్మన్నారో చెప్పకుండా. భీమరాజుగారు పళ్ళు పటపటా కొరికారు.

పొద్దు వాలుతుండగా కారు కనిపించింది. తెల్లగా, నున్నగా, చప్పుడన్నది లేకుండా వచ్చింది. పక్కల అద్దాలన్నీ నల్లవి. ముందద్దం మీద ఎదురెండ కొట్టి, లోపల ఎవరున్నారో కనబడ్డంలేదు. జనం "వచ్చాడొచ్చాడు" అన్నారు. బాగుందని ఎవరో మెచ్చుకున్నారు కూడా, ఆ మాట సూదిలా గుచ్చుకుంది ఆయనకి.

కారు పొలిమేర రాయికి అవతలే ఆగిపోయింది. అంబాసిడర్ ఇంకా దూరంగానే ఉంది, ముందుకి రావడానికి చోటుంది, అయినా ఆగింది. ఎందుకాగిందని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి ఆలోచించి ఉండాల్సింది ఆయన. ఆలోచిస్తే భీమరాజుగారెందుకవుతారు? భయపడ్డాడు వెధవ అనుకున్నారు. కర్ర ఊపుకుంటూ రాయి దాటి కారు మీదకి వెళ్ళారు.

వెళ్ళింది ఏ పక్కకి? కుడిపక్కకే. జన్మలో ఏ డ్రైవర్ని తిట్టినా, బస్సువాణ్ణి గానీ లారీవాణ్ణి గానీ, ఆ పక్క నిలబడే తిట్టారాయన. తనూ ఆ పక్కనే కూచుని తోలారు. స్టీరింగు సంగతి అచ్చిబాబు చెప్పాడని బుర్రకి గుర్తున్నా, ఆ క్షణాన ఆయన్ని నడిపించింది బుర్ర కాదు కదా. నల్లద్దం వెనకాల ఓ తల నీడలా కదిలింది. లోపలి మనిషి తలుపు గడియ కోసం తడుముకుంటున్నట్టుంది.

"దిగరా! దిగు! నా మీసం తీయించడానికి ఓడెక్కించుకొచ్చావా! దిగు ముందు!"

అద్దం దిగలేదు. వెనకనుంచి అచ్చిబాబు గొంతు చించుకున్నాడు. "అటు కాదండీ! అటుపక్క కాదండీ బాబూ!"

భీమరాజుగారు రెండు చేతులతో కర్రెత్తి కొట్టారు.

అద్దం పెంకుల్లా పగల్లేదు. ఒక్కసారిగా పటికబెల్లం పలుకుల్లా జలజలా రాలిపోయింది. కర్ర మాత్రం ఆగలేదు. ఎముక చప్పుడు ఆయనకి వినబడింది.

ముందుసీట్లో సుబ్బాయమ్మగారు ఉన్నారు. నుదుట విభూతి, ఒళ్ళో ఆకుదొన్నెలో ప్రసాదం, ప్రసాదం నిండా గాజుపలుకులు. మొహం మీదకొచ్చిన కర్రని అడ్డుకోబోయిన కుడిచెయ్యి మణికట్టు దగ్గర వంకర తిరిగి వేలాడుతోంది. కొడుకుని అలా చూస్తూ ఉండిపోయారు.

అవతలి పక్క తలుపు తెరుచుకుంది. గణేష్‌బాబు కారు చుట్టూ పరుగెత్తుకొచ్చి భీమరాజుగారి చొక్కా పట్టుకుని బోనెట్టు మీదకి తోశాడు. "చంపేస్తాను! మావయ్యవని కూడా చూడను, ఇక్కడే చంపి కాలవలో పారేస్తాను!"

"గణేషూ, వదులు," అన్నారు సుబ్బాయమ్మగారు.

వదిలాడు. వదిలాడు గానీ వాడి నోరు ఆగలేదు. ఊపిరి ఎగబీలుస్తూ అందరికీ వినబడేలా చెప్పాడు. "రేవు దిగి మీ కారు కోసం ఎంతసేపు కూచుందో తెలుసా? అన్నం నీళ్ళు లేకుండా ఎండలో కూచుంది. మా వాడు వస్తాడు, ముందు నేను వెళ్ళి వాడితో మాట్లాడతానంది. మీరు రాలేదు. అప్పుడెక్కింది నా కారు. పొలిమేర రాయి దగ్గర ఆపాలి, కారు అక్కడే వదిలేసి నడిచొచ్చి మీ కాళ్ళకి దణ్ణం పెట్టాలి అని నా చేత ఒట్టు వేయించుకుంది. ఎందుకో తెలుసా మావయ్యా? మీ మీసం పోకూడదంట! నేను ముందు కూచుంటాను, నన్ను చూస్తే వాడు కర్రెత్తడంది!"

భీమరాజుగారి చేతిలోంచి కర్ర జారిపోయింది.

"అమ్మా... నాకు తెలీదే. నేను వాడనుకున్నానే."

"వాడైతే కొట్టొచ్చా?" అన్నారావిడ.

ఆయన కిందపడ్డ కర్రని కాలితో అవతలికి నెట్టారు.

"నీ చెల్లెలి కొడుకు వాడు. ఆ కర్ర వాడి నెత్తిన పడుంటే నీకు బాగుండును, కదూ? చెయ్యి నాదైంది కాబట్టి ఏడుపొస్తోంది నీకు."

"దిగమ్మా. దా. కారులో అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్తాను. ముందుసీట్లోనే కూచోబెడతాను," అంటూ ఆయన తలుపు లాగబోయారు. ఎన్నడూ లేనిది ఆయన కళ్ళల్లో నీళ్ళు అందరూ చూశారు.

"నీ కారు రోడ్డుకి అడ్డంగా ఉందిగా. అలాగే ఉండనీ. నువ్వు కష్టపడి పెట్టుకున్నావు." ఆవిడ విరిగిన చేతిని రెండో చేత్తో ఒళ్ళోకి తీసుకున్నారు. "గణేషూ, వెనక్కి తిప్పు."

"ఆసుపత్రికి వెళ్దాం అమ్మమ్మా."

"వెళ్దాం. ఆసుపత్రి తర్వాత చిన్నమ్మాయి దగ్గరికి వెళ్దాం. ఆ రాయి మాత్రం దాటించకు." తర్వాత పగిలిన కిటికీలోంచి కొడుకుకేసి చూశారు. తిట్టినట్టు లేదు, చిన్నప్పుడు బడికి పంపేముందు జాగ్రత్తలు చెప్పినట్టు ఉంది ఆ గొంతు. "ఒరేయ్ భీమూ. పందెం నువ్వే నెగ్గావు. వాడు పొలిమేర దాటలేదు. మీసం మాత్రం తీయించుకో. నీకు అమ్మ పోయింది."

కారు వెనక్కి వెళ్ళి, గట్టు వెడల్పున్న చోట తిరిగింది. తిరిగినప్పుడు దాని వీపు మీద ఎర్రటి అక్షరాలు కనబడ్డాయి, 'లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్' అని. అంత పెద్దగా రాసుంది. అది మలుపు దాటేదాకా భీమరాజుగారు అక్కడే నిలబడి ఉన్నారు.

అచ్చిబాబుకి ఎప్పుడేం మాట్లాడాలో ఏనాడు తెలిసింది గనక? కర్ర తీసి మట్టి దులిపి అందిస్తూ, "ఏమైనా కారు దాటలేదండి. మనమే నెగ్గామండి," అన్నాడు. ఆ మాటకి ఆయన ఉరిమి చూస్తారని అందరూ ఎదురుచూశారు. చూడలేదు. కర్ర కూడా అందుకోలేదు. వెళ్ళి పొలిమేర రాయి మీద కూలబడ్డారు.

తలెత్తి, "బుల్లియ్యా, ఇలా రా," అని పిలిచారు.

బుల్లియ్య వచ్చాడు. పెట్టె కింద పెట్టి, తుండు దులిపి, భీమరాజుగారి మెడచుట్టూ కట్టాడు. కత్తి తీసి, మళ్ళీ పెట్టెలో పెట్టేసి, చుట్టూ ఉన్న జనాన్నీ కారు వెళ్ళిన దారినీ చూశాడు. ఇన్నాళ్ళూ ఊరంతా నవ్వుకుంటూ చెప్పుకున్న మాటే అడగాల్సొచ్చింది వాడికి. ఆయన చెవి దగ్గరకి వంగి, నెమ్మదిగా అడిగాడు.

"సగమాండి? మొత్తమాండి?"

భీమరాజుగారు కళ్ళు మూసుకున్నారు.

"మొత్తం," అన్నారు. "తల కూడా."

బుల్లియ్య గిన్నె తీసుకుని నీళ్ళకోసం కాలవలోకి దిగాడు.